సగటు ఎక్కువున్న పాచిక ఎందుకు ఓడుతోంది?

తమ్ముడూ, నీ లెక్క తప్పలేదు. మిర్యాలగూడలో మీ ట్యూషన్ పిల్లలతో ఆడించిన పాచికల్లో ఒకదాని ఆరు ముఖాల మీదా 3 ఉంది. రెండోదాని మీద 2, 2, 2, 2, 6, 6. దాని సగటు దాదాపు 3.33, అయినా ఎక్కువసార్లు ఓడుతోంది, ఎందుకని కదా నీ ప్రశ్న.

ఆరింట నాలుగుసార్లు 2 పడి ఒక్క పాయింటు తేడాతో ఓడుతుంది. రెండుసార్లే 6 పడి మూడు పాయింట్లతో గెలుస్తుంది. సగటు లెక్కలో తేడా ఎంతన్నది కూడా చేరుతుంది. గెలుపుకు ఏది పెద్దదన్నది చాలు. 3 మీద 4 పడినా, 40 పడినా గెలుపు ఒక్కటే.

అందుకే ముందు పందెం ఎట్లా కట్టారో చూడు. ఆటకు రూపాయి అయితే 3ల పాచిక పట్టు. తేడా పాయింటుకు రూపాయి అయితే రెండోది మేలు: ఆరు ఆటలకు సగటున 6 వస్తాయి, 4 పోతాయి. (పిల్లలకు రూపాయలు వద్దులే, చింతగింజలు పెట్టించు.)

ఇవి స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ బ్రాడ్లీ ఎఫ్రాన్ తయారుచేసిన నాలుగు పాచికల్లోవే. మిగతావి 4, 4, 4, 4, 0, 0; ఇంకా 5, 5, 5, 1, 1, 1. అసలు మజా ఇక్కడుంది: 4లది 3లదాన్ని, 3లది 6లదాన్ని, 6లది 5లదాన్ని, 5లది మళ్లీ 4లదాన్ని ఓడిస్తుంది. ఈ నాలుగు జతల్లోనూ గెలిచే అవకాశం 2/3. రేపు చేయించి చూడు, కానీ ఎదుటివాణ్ణే ముందు ఎంచుకోనివ్వు.