బీపీకి ఆయుర్వేద పథ్యం చాలా?

నాన్నకు బీపీ 150/95 ఉంది, మాత్రలు ఆపి ఆయుర్వేద పథ్యంతో నెట్టుకురావచ్చా అని అడిగారు. మాత్రలు మాన్పించకండి, పథ్యాన్ని వాటికి తోడుగా పెట్టుకోండి.

మా అనంతపురంలో అసలు చిక్కు ఉప్పే. రాగిసంగటి మంచిదే, కానీ పక్కన చెనక్కాయల పచ్చడి, పైన మామిడి ఊరగాయ, ఆఖర్న మజ్జిగలో ఇంకో చిటికెడు! రోజంతటికీ 5 గ్రాములు, అంటే ఒక టీస్పూనుకు మించకూడదు. సైంధవ లవణమైతే పర్లేదనుకుంటారు గానీ అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, అంటే మామూలు ఉప్పే.

ఆయుర్వేదంలో వాడే సర్పగంధ అనే మూలికలోని రిజర్పిన్ అనే పదార్థం బీపీని నిజంగానే తగ్గిస్తుంది. మోతాదు ఎక్కువైతే మనసు కుంగిపోతుంది కాబట్టి సొంతంగా వాడొద్దు. దగ్గుకని అదేపనిగా నమిలే అతిమధురమైతే బీపీని పెంచుతుంది కూడా.

ఎండ ముదరకముందే అరగంట చురుగ్గా నడవమనండి. బీడీ అలవాటుంటే మాన్పించండి.