మందను వదిలే ముందు చుట్టుపక్కల జీవాలను లెక్కపెట్టు

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

అమెరికాలోని నెవాడాలో బిగ్‌హార్న్ అడవి గొర్రెలను వాటి పాత కొండలకు చేర్చే పనిలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. ఈ పనిలో అందరి ధ్యాసా హెలికాప్టర్ మీద, పెట్టె తలుపు తెరిచే రోజు మీద ఉంటుంది. కానీ ఆ మంద బతుకుతుందా లేదా అన్నది కొండ చుట్టూ ఎవరి గొర్రెలు, ఎవరి మేకలు మేస్తున్నాయన్న దాన్నిబట్టే చాలావరకు తేలిపోతుంది. నువ్వు అక్కడే మొదలుపెట్టు.

మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే బాక్టీరియా పెంపుడు జీవాల ముక్కుల్లో ఉన్నా వాటికి పెద్దగా ఏమీ కాదు. బిగ్‌హార్న్‌కు అంటితే మాత్రం శ్వాసనాళాల్లో మలినాన్ని బయటికి తోసే సన్నని నూగు పనిచేయడం మానేస్తుంది. దాంతో మిగతా క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. మొదటి దెబ్బకు పెద్దవి పోతాయి. అసలు నష్టం ఆ తర్వాతిది. బతికిన ఆడ గొర్రెల్లో కొన్ని ఆ క్రిమిని మోస్తూ ఏటా పిల్లలకు అంటిస్తాయి. పిల్లలు ఒకటి నుంచి మూడు నెలల వయసులో దగ్గి దగ్గి చనిపోతాయి. అమెరికాలోనే హెల్స్ కాన్యన్ అనే లోయలో 1995-96లో వచ్చిన న్యుమోనియా తర్వాత ఏళ్ల తరబడి పిల్లలు దక్కకపోవడానికి ఇదే కారణం. నమ్మదగ్గ టీకా ఇప్పటికీ లేదు.

పుల్లరి కట్టి ప్రభుత్వ భూముల్లో మేపే పెద్ద మందలు కాగితాల్లో ఉంటాయి. ప్రమాదం కాగితాల్లో లేని చిన్న కొట్టాలతో: పెరట్లో నాలుగు మేకలు, కలుపు తినడానికి అద్దెకు తెచ్చినవి, కొండ ప్రయాణాల్లో సామాను మోసేవి. ఇంటింటికీ వెళ్లి అడుగు. ఎంత దూరం ఉండాలంటే, ఒకప్పుడు 14-15 కిలోమీటర్లు చాలనేవారు. ఎదకాలంలో పొట్టేలు అంతకు రెట్టింపు దూరం కూడా పోతుంది. కిలోమీటర్లకంటే కొండను కొండతో కలిపే గుట్టల వరుసలను చూడు. కాపరితో గౌరవంగా మాట్లాడు, అది అతని జీవనాధారం. పరిహారం ఇచ్చి, అతని ఇష్టంతోనే మేత హక్కు మార్పించు. పొరుగున జీవాలు తప్పనిసరి అయితే ఆ కొండను వదులుకో. అలా వదులుకోవడం కూడా మంచి పనే.

గొర్రెలు తెచ్చే మందను కూడా అంతే గట్టిగా పరీక్షించాలి. ప్రతిదాని ముక్కులోంచి స్వాబ్ తీసి, క్రిమి జన్యువును పట్టే పీసీఆర్ పరీక్ష చేయించు, యాంటీబాడీల కోసం రక్తం తీయించు. క్రిమి రోజూ బయటపడదు కాబట్టి ఒక్క నెగెటివ్‌ను నమ్మొద్దు, మంద మొత్తం చరిత్ర చూడు. "రెండు మందల్లోనూ క్రిమి ఉందిగా, కలిపితే ఏమవుతుంది" అనేవాళ్లుంటారు. ఒప్పుకోకు. క్రిమి రకం వేరైతే మళ్లీ కొత్తగా చావులు మొదలవుతాయి.

కొండ విషయానికొస్తే, 27 డిగ్రీలకు మించిన వాలు, విరిగిన రాతి చరియలు ఉండాలి. మేత, నీరు వాటికి 300 మీటర్ల లోపే ఉంటే మేలు. జూనిపర్ చెట్లు కమ్మేసిన చోట గొర్రెకు దూరం కనబడదు, ప్యూమా (కొండ సింహం) పొంచి ఉంటుంది. ముందు చెట్లు తీయించు. 2013లో అరిజోనాలోని సాంటా కటలీనా కొండల్లో వదిలిన 31 గొర్రెల్లో చాలావాటిని ప్యూమాలే చంపాయి. మెక్సికోలో టిబురోన్ దీవిలో 1975లో వదిలిన 20 మాత్రం వందల్లోకి పెరిగాయి, అక్కడ ప్యూమాలు లేవు.

ఇరవైకి తక్కువ వదలొద్దు, ఎక్కువ భాగం ఆడవే ఉండాలి. పట్టేది చలి రోజుల్లోనే. హెలికాప్టర్ తరిమేది అయిదు నిమిషాలు దాటనివ్వకు. వల పడగానే కళ్లకు గంతలు, కాళ్లకు బంధం. పక్కకు పడుకోనివ్వకు, పొట్ట మీద ఉంచి తల ఎత్తి పట్టుకో. లేకపోతే పొట్ట ఉబ్బుతుంది, నెమరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. థర్మామీటర్ వెంటనే పెట్టు. 39 డిగ్రీల సెల్సియస్ మామూలు. 41 దాటితే పొట్ట కింద, తొడల మధ్య చన్నీళ్లు పోయించు. 42కు చేరితే మందు, మెడకు కట్టే రేడియో కాలర్ అని చూడకుండా అక్కడికక్కడే వదిలెయ్. బెదిరి పరుగెత్తిన గొర్రెకు కండరాలు చితికిపోయి కొన్ని రోజుల తర్వాత కూడా ప్రాణం పోతుంది. కాబట్టి వదిలిన మొదటి వారాల్లో శవం దొరికితే ప్యూమా మీదికి నెట్టేయకుండా కోసి చూపించు.

కొత్త మంద వెంటనే ఎత్తులకూ పల్లాలకూ వలస పోదు. ఆ దారి పెద్ద ఆడ గొర్రెల నుంచి పిల్లలు నేర్చుకునేది, అది మళ్లీ ఏర్పడటానికి దశాబ్దాలు పట్టొచ్చు. అందాకా వేసవికి ముందే వాన నీటి తొట్ల పైపులు, పగుళ్లు చూపించుకో.

కాలర్ చావు సంకేతం ఇచ్చిన రోజే కొండెక్కు. మే నుంచి అక్టోబర్ దాకా ప్రతి నెలా పిల్లలనూ తల్లులనూ లెక్కపెట్టు, బైనాక్యులర్‌తో ముక్కులు చూడు, దగ్గు విను. పిల్లలు తగ్గుతుంటే ఆడ గొర్రెలను మళ్లీ పరీక్షించి, పదేపదే పాజిటివ్ వచ్చేవాటిని మందలోంచి తీసేయాలి. మనసు ఒప్పదు, కానీ అవి ఉన్నంతకాలం పిల్లలు దక్కవు. పెంపుడు జీవాల్లో కలిసిన పొట్టేలును మళ్లీ మంద దగ్గరికి రానివ్వొద్దు. దాన్ని ఎవరు, ఎన్ని గంటల్లో పట్టుకోవాలో, ఎవరి అనుమతితో తొలగించాలో మొదటి గొర్రెను వదలకముందే రాయించి సంతకాలు తీసుకో.

ఇట్లు,
పెదనాన్న