దెబ్బ ఇష్టపడి తిన్నదైనా, కమిలిన చోటు చూసుకోవాలి

విదేశంలో ఉంటూ ఈ సంగతి అడిగే మనవాళ్లు ముందు అద్దె ఇంటి గురించీ ఉద్యోగం గురించీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గిస్తారు. శృంగారంలో ఇద్దరూ ఇష్టపడి చేత్తోనో బెల్టుతోనో కొట్టించుకోవడాన్ని ఇంపాక్ట్ ప్లే అంటారు. మర్నాడు తొడ నల్లగా కమిలి కనిపించగానే టెన్షన్ మొదలవుతుంది. ఇంటికి ఫోన్ చేసి అడిగే విషయం కాదు కదా.

ముందుగా ఒక మాట. మీ వీసా మీద వచ్చిన మనిషికి ఇక్కడ మీరు తప్ప దిక్కు లేకపోవచ్చు. కాదంటే ఏమవుతుందోనన్న భయంతో అన్న ‘సరే’ ఇష్టం కిందకి రాదు. ఆపమనడానికి ఒక మాట ముందే అనుకోండి. అది వినపడిన క్షణమే చెయ్యి ఆగాలి.

దెబ్బ పడాల్సింది కండ ఉన్నచోటే: పిరుదుల కింది భాగం, తొడల వెనక. నడుము పైభాగాన కిడ్నీలుంటాయి, అక్కడ వద్దు. వెన్నెముక, మెడ, తల, పొట్ట, కీళ్లు కూడా వద్దు. మెల్లగా మొదలుపెట్టి పెంచండి. సన్నని బెత్తం బలమంతా ఒకే గీత మీద పడి వాత తేలుతుంది, వెడల్పాటి అరచెయ్యి దాన్ని పంచుతుంది. బెల్టు కొస తొడ చుట్టూ తిరిగి పక్క ఎముక మీద తగలడం కొత్తవాళ్లు గమనించరు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ, మందు తాగి ఉన్నవాళ్లూ దీని జోలికి పోకూడదు.

మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తొందరగా కనపడదు. ఇంటర్నెట్లో తెల్లటి ఒంటి ఫోటోలు చూసి ‘ఏమీ కాలేదు’ అనుకోకండి. మధ్యమధ్య అరచేత్తో తడిమి చూడండి. వేడిగా, గట్టిగా, ఉబ్బినట్టు తగిలితే ఆ చోటు వదిలేయండి.

కమిలాక మొదటి రోజు తువ్వాల్లో చుట్టిన ఐస్ పదిహేను నిమిషాలు పెట్టి తీసేయండి, కొన్ని గంటలకోసారి మళ్లీ పెట్టండి. ఐస్ నేరుగా చర్మానికి ఆనించొద్దు. గట్టిగా రుద్దొద్దు, రుద్దితే లోపల ఇంకా రక్తం చిమ్ముతుంది. రెండు రోజులు దాటాక గోరువెచ్చని కాపడం పెట్టండి. నొప్పికి పారాసిటమాల్ నయం, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. మచ్చ నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లోకి మారుతూ రెండు వారాల్లో పోతుంది. రంగు మారిందని కంగారు వద్దు, మానుతోందని అర్థం.

వాపు పెరుగుతున్నా, తిమ్మిరి పట్టినా, మూత్రంలో రక్తం కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ‘ఇంట్లో క్షేమంగానే ఉన్నారా’ అని మిమ్మల్ని విడిగా అడగవచ్చు. దెబ్బలు చూసినవాళ్లు అడగాల్సిన ప్రశ్నే అది. మెట్ల మీద పడ్డానని చెప్పకండి. దేంతో, ఎక్కడ తగిలిందో ఉన్నదున్నట్టు చెబితేనే ఏ పరీక్ష చేయాలో వాళ్లకు తెలుస్తుంది. మీ ఇష్టం లేకుండా జరిగి ఉంటే, అదీ ఆ గదిలోనే చెప్పండి.