గోపాల్‌పూర్ రికార్డింగులకు రేలీ మోడల్ ఎందుకు కుదరడం లేదు – సమాధానం

ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో నీళ్లలో పంపిన శబ్ద సిగ్నల్‌ను రికార్డు చేసి, ఆ పది సెకన్ల రికార్డింగు మొత్తానికి ఒకే హిస్టోగ్రాం (ఏ బలం ఎన్నిసార్లు వచ్చిందో చూపే పటం) గీసి, దాని మీద రేలీ వక్రరేఖ (బలమైన దారి ఒక్కటీ లేకుండా చాలా ప్రతిధ్వనులు కలిసినప్పుడు సిగ్నల్ బలం ఎలా మారుతుందో చెప్పేది) పెట్టానని, తోక దగ్గర, అంటే అరుదుగా వచ్చే విలువల దగ్గర, అసలు కుదరడం లేదని రాశారు. తప్పు రేలీది కాదండీ, ముందు చేయాల్సిన పని ఒకటి వదిలేశారు.

లంగరు వేయని నావ నుంచి తీశానన్నారు కదా. నేనూ బరంపురం వాడినే, ఆ అలల మీద నావ ఒక్క క్షణం నిలవదని తెలుసు. సెకనుకు 1.5 మీటర్ల వేగంతో కదిలిందనుకోండి. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, అంటే డాప్లర్ నిష్పత్తి (నావ వేగాన్ని శబ్ద వేగంతో భాగిస్తే వచ్చేది) 0.001. రేడియోలో ఇంత ఎక్కడా ఉండదు. మీ 12 కిలోహెర్ట్జ్ క్యారియర్ (సమాచారాన్ని మోసే తరంగం) 12 హెర్ట్జ్ జరగడమే కాదు, పది సెకన్లలో సిగ్నలే 10 మిల్లీసెకన్లు సాగుతుంది లేదా కుదించుకుపోతుంది. ట్యాప్ (ఒక్కో ఆలస్యంతో వచ్చి చేరే సిగ్నల్ భాగం) తన చోటు నుంచి జారిపోతుంటే మీకది ఫేడింగ్‌లా, అంటే సిగ్నల్ బలమే హెచ్చుతగ్గులవుతున్నట్టు కనిపిస్తోంది. కాబట్టి ముందు రీశాంపిల్ చేసి (ఆ సాగుదల పోయేలా శాంపిళ్లను మళ్లీ లెక్కగట్టి), ట్యాప్‌లను వరసలో నిలబెట్టండి.

తర్వాత ఒక్కో ట్యాప్ పవర్‌కు కొన్ని సెకన్ల సగటు తీయండి. నెమ్మదిగా మారే ఆ భాగాన్ని డెసిబెల్స్‌లో గాసియన్‌కు (గంట ఆకారపు వక్రరేఖకు) సరిచూడండి. దానితో భాగించగా మిగిలినదానికి రైసియన్ (ప్రతిధ్వనులతో పాటు ఒక బలమైన దారి కూడా ఉన్నప్పటి వక్రరేఖ) పెట్టి చూడండి. పది సెకన్లు ఇందుకు చాలవు, కనీసం కొన్ని నిమిషాల రికార్డింగు కావాలి.

రంభ వైపు చిలికా సరస్సులో తీసిన డేటాను మాత్రం ఇందులో కలపకండి. అక్కడ లోతు తక్కువ, వానాకాలంలో ఉప్పదనం పడిపోతుంది, అది వేరే ఛానెల్ (సిగ్నల్ పోయే మార్గం).