పద్నాలుగంతస్తులు తర్వాత, ముందు ఆ ఐదంతస్తుల సంగతి చూడండి

"విజయనగరం లాంటి ఊరికి పద్నాలుగంతస్తుల టవర్లు అవసరమా? భోగాపురం ఎయిర్‌పోర్ట్ పేరు చెప్పి ఊరిని పాడు చెయ్యట్లేదా?" అని అడిగారు. ఇక్కడ జవాబు రాసినవాళ్ళంతా ఇంచుమించు ఒకే మాట అన్నారు: వద్దు, ఐదంతస్తులు చాలు. నేను పదేళ్ళకి పైగా ఆ ఐదంతస్తుల్లోనే కాపురం ఉంటున్నాను. అందుకే ఆగలేక రాస్తున్నాను.

కోట కనపడదు, ఘంటస్తంభం కనపడదు అని బాధపడేవాళ్ళకి ముందు ఒక మాట. ఘంటస్తంభం 1885లో కట్టింది. ఎత్తు 68 అడుగులు, అంటే ఇరవై మీటర్ల పైమాటే. మా అపార్ట్‌మెంట్ కట్టిన రోజుల్లో 18 మీటర్లకి చేరితే హైరైజ్, అంటే ఎత్తయిన బిల్డింగ్ కింద లెక్క. మహారాజు గారు ఆ రూల్స్ కింద ప్లాన్ పెట్టుకుని ఉంటే ఫైర్ ఎన్‌వోసీ, అదే ఫైర్ వాళ్ళ అనుమతి కాగితం, ఏదండీ అని వెనక్కి పంపేవాళ్ళు. అయినా ఆ స్తంభాన్ని ఇవాళ కనపడనివ్వనివి టవర్లా? చుట్టూ కట్టే పుట్టినరోజు ఫ్లెక్సీలు. వాటి మీద ఎవరూ ప్రశ్న వెయ్యరు.

అసలు తిరకాసంతా ఆ 18 మీటర్ల దగ్గరే ఉండేది. దానికి చేరితే చుట్టూ ఫైరింజన్ తిరిగేంత జాగా వదలాల్సి వచ్చేది, ముందు వెడల్పాటి రోడ్డుండాల్సి వచ్చేది, మంటలార్పే ఏర్పాట్లు చూపించాల్సి వచ్చేది. చేరకపోతే ఆ బాధలు చాలావరకు తప్పేవి. అందుకని బిల్డర్లు కింద స్టిల్టు (బళ్ళు పెట్టుకోడానికి స్తంభాల మీద వదిలిన అంతస్తు), పైన ఐదు స్లాబులు వేసి 18 మీటర్ల లోపు చేతులు దులుపుకునేవాళ్ళు. మా ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా చూడండి, ఆ రోజుల్లో లేచిన బిల్డింగులన్నీ కత్తిరించినట్టు ఒకే ఎత్తులో ఆగిపోయాయి. ఊరి అందం మీద ప్రేమతో ఆగాయనుకుంటున్నారు మీరు.

మాది ఉల్లివీధి వైపు పెంకుటిల్లు. నాన్నగారు పోయాక 2011లో డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. స్థలం మాది, కట్టుబడి బిల్డర్‌ది, చెరి సగం. మా వాటాకి వచ్చిన ఫ్లాట్లలో నాలుగో అంతస్తుది అమ్మకి నచ్చింది, గాలి వస్తుందని. పెరట్లో నుయ్యి ఉండేది. ఇల్లు పడగొట్టినప్పుడు పాత గోడల మట్టీ పెంకులూ అందులోనే పోసి పూడ్చేశారు. సరిగ్గా అక్కడే లిఫ్టు వచ్చింది. లిఫ్టెక్కిన ప్రతిసారీ అమ్మ "చేదలో కూర్చున్నట్టుందిరా" అనేది. తలుపు సరిగ్గా పడకపోతే ఒకావిడ "దర్వాజా బంద్ కీజియే" అని హిందీలో మొదలుపెడుతుంది. విజయనగరంలో లిఫ్టుకి హిందీ ఎందుకయ్యా అని సర్వీసు కుర్రాణ్ణి వచ్చిన ప్రతిసారీ అడుగుతాను. నవ్వేసి వెళ్ళిపోతాడు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే గానీ మమ్మల్నీ వదల్లేదు. సిరిమాను పండగకి (మా పైడితల్లమ్మ జాతర, పూజారిని పొడవాటి మాను కొసన గాల్లో కూర్చోబెట్టి ఊరేగిస్తారు) వచ్చిన చుట్టాల్లో ఇద్దరు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. గాలి తగ్గేసరికి వీధి నిండా చెట్లు, తీగలు. కరెంటు లేదు. జనరేటర్ బ్రోచర్‌లో ఉండేది, బిల్డింగ్‌లో లేదు. మోటారు తిరగదు కాబట్టి సంపులో నీళ్ళున్నా పైకెక్కవు. మర్నాటికి పైన ట్యాంకు ఖాళీ. సంపు మూత తీసి, బకెట్‌కి తాడు కట్టి తోడుకున్నాం. మా ఇంటికి 72 మెట్లు. అప్పటిదాకా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

మూడో రోజుకి సంపు కూడా అడుగంటింది. పక్క వీధిలో ఒక పెద్దాయన తన పాత ఇల్లు ఎవరికీ ఇవ్వకుండా అలాగే ఉంచుకున్నాడు. బిందెలు పట్టుకుని వాళ్ళ నూతి దగ్గర లైన్లో నిలబడ్డాం. నన్ను చూసి "మీ నూతివి ఇంతకన్నా తియ్యటి నీళ్ళు కదయ్యా" అన్నాడాయన. దెప్పాడో, మామూలుగానే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నాలుగో రోజు పొద్దున్న అమ్మకి విరేచనాలు పట్టుకున్నాయి. 76 ఏళ్ళ మనిషి, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మధ్యాహ్నానికి లేవలేకపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ముందు కిందికి దింపాలి కదా. మా వాచ్‌మన్‌ది గుర్ల వైపు. "ఏటి బాబూ అలాగ సూస్తన్నారు? కుర్సీలో కూకోబెట్టి దింపీద్దాం, బేగి రండి" అన్నాడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, రెండు తువ్వాళ్ళు ముడేసి నడుముకి కట్టాం. ముందు నేను, వెనక వాచ్‌మన్. మెట్ల వెడల్పు మూడున్నర అడుగులు, పక్కన ఇంకో మనిషి పట్టడు. దిగడం ఒకలా దిగాం గానీ, మలుపు దగ్గర కుర్చీ తిరగలేదు. మూడో అంతస్తు వాళ్ళు మలుపులో చెప్పుల స్టాండు పెట్టారు, దాని పక్కన ఖాళీ గ్యాస్ సిలిండర్. అవి జరిపినా కుర్చీ కాళ్ళు రెయిలింగ్‌కి తగులుతున్నాయి. ఇక కుర్చీని రెయిలింగ్ కన్నా ఎత్తుకి లేపి, దాని మీదుగా తిప్పాలి. అంటే అమ్మ ఒక్క క్షణం మెట్ల మధ్య సందు మీద గాల్లో ఉంటుంది. ప్రతి మలుపులోనూ అంతే.

అమ్మ కళ్ళు మూసుకుని "పైడితల్లమ్మా, పైడితల్లమ్మా" అంటూనే ఉంది. ఆ సిలిండర్ ఉన్న మలుపులో మాత్రం కళ్ళు తెరిచి కిందికి చూసి, "సిరిమాను మీద పూజారికి కిందన ఊరంతా ఉంటార్రా, నాకు ఈ సిలిండరొక్కటే ఉంది" అంది. వాచ్‌మన్‌కి నవ్వు ఆగలేదు. వాడి చెయ్యి ఎక్కడ జారుతుందోనని నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

రెండు సెలైన్లు ఎక్కాక కోలుకుంది. కరెంటు ఎనిమిదో రోజున వచ్చింది. అమ్మ మాత్రం పైకి రానంది. నెల్లిమర్లలో పిన్ని వాళ్ళింట్లో సంక్రాంతి దాకా ఉండిపోయింది.

తర్వాత జనరేటర్ కొందామని అసోసియేషన్ మీటింగ్ పెడితే మొదటి అంతస్తు వాళ్ళు మాకెందుకు, మేం మెట్లెక్కగలం అన్నారు. మూడేళ్ళు పట్టింది తేలడానికి. చెప్పుల స్టాండు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. ఇక పక్క బిల్డింగ్ వంటింటి కిటికీకీ మా పడగ్గది కిటికీకీ మధ్య దూరం ఎంతంటే, వాళ్ళు పప్పులో ఇంగువ వేశారో మర్చిపోయారో మాకు తెలిసిపోతుంది. అదే వీధిలో మంటలు లేస్తే ఫైరింజన్ ఎటు నుంచి వస్తుందని ఇంజనీర్లని ఎన్నోసార్లు అడిగాను. వీధి మొదట్లో ఆగి పైపు వేస్తారు అన్నాడొకాయన.

కాబట్టి నా లెక్క ఇది. పద్నాలుగంతస్తుల వల్ల ఊరు పాడవదు. పన్నెండడుగుల సందులో ఇంటికి ఇల్లు ఆనించి కట్టిన ఐదంతస్తుల వల్ల ఎప్పుడో పాడైంది. ఎత్తు కడితే కనీసం నలుగురూ చూస్తారు, రూల్స్ అడుగుతారు. భోగాపురం చుట్టూ ఆకాశాన్నంటే టవర్లు వచ్చేస్తాయని భయపడేవాళ్ళకి ఇంకో సంగతి: ఎయిర్‌పోర్ట్ దగ్గర ఎత్తుకి ఎయిర్‌పోర్ట్ అథారిటీ వాళ్ళు ఒప్పుకోవాలి. విమానం దిగే దారిలో ఎంత పడితే అంత లేపనివ్వరు. నా భయం ఎత్తు గురించి కాదు, నీళ్ళ గురించి. మా వీధి కుళాయికి చంపావతి నీళ్ళు రోజుకో గంట వస్తే గొప్ప. ఒక్కో టవర్‌కి వందేసి ఇళ్ళు పెడితే ఏ నది నుంచి తెస్తారో ముందు చెప్పమనండి.

మొన్నీమధ్య మా అబ్బాయి పోరు పెడితే వాడితో కలిసి రింగ్‌రోడ్డు వైపు ఒక టవర్ చూడ్డానికి వెళ్ళాను. సేల్స్ కుర్రాడు మోడల్ ఫ్లాట్ చూపిస్తానని లిఫ్టు పిలిచాడు. నేను మెట్లు చూపించు బాబూ అన్నాను. వింతగా చూశాడు గానీ తీసుకెళ్ళాడు. మలుపులో నిలబడి చేతులు చాపి చూసుకున్నాను, అటూ ఇటూ అడుగులు వేసి కొలిచాను. కుర్చీ తిరుగుతుంది. నలుగురు పట్టుకున్నా తిరుగుతుంది. అప్పుడు చదరపు అడుగు రేటు అడిగాను. చెప్పాడు. నేనూ మా అబ్బాయీ అదే లిఫ్టులో కిందికి దిగి ఇంటికొచ్చేశాం.