బొమ్మలు రాకపోతే డిజైన్ రాదా? ముందు పోపుల పెట్టె ముందు కూర్చోనివ్వండి

ప్రశ్న: మాది నల్గొండ. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్ పరీక్షలు రాసి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. బీటెక్ వద్దు, ప్రొడక్ట్ డిజైన్ చదువుతానంటోంది. బొమ్మలు వేయడం అంతంతమాత్రమే. మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రొడక్ట్ డిజైనర్. ఆరు నెలల యూఎక్స్ (యాప్‌లు వాడటానికి తేలిగ్గా ఉండేలా రూపొందించే) కోర్సు చాలు, నాలుగేళ్లు దండగ అంటున్నాడు. బీటెక్ మెకానికల్‌లో చేర్చి తర్వాత చూద్దామని నా ఆలోచన. ఈ మూడింట్లో ఏది మేలు? ఈ సెలవుల్లో ఇంట్లో ఉండి ఏమన్నా నేర్చుకోవచ్చా?

జవాబు: మూడు దారులూ పోల్చి చెప్తాను. అయితే మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. నలుగురిలో "మీ బిడ్డ ఏం చదువుతోంది" అంటే చెప్పుకోవడానికి ఒక పేరుండాలి, ఆ పేరుకి ఉద్యోగం ఉండాలి, తప్పటడుగు పడితే వెనక్కి రావడానికి తోవ ఉండాలి. ఇంజినీరింగ్ అంటే ఆ మూడూ ఉన్నట్టు అనిపిస్తుంది, డిజైన్ అంటే ఒక్కటీ లేనట్టు అనిపిస్తుంది. ఇలా రాసే తల్లిదండ్రులందరిదీ ఇదే గుబులు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గుబులుతో, బిడ్డ ఏం చదువుతానంటోందో ఒక్కసారి కూడా చూడకుండా తీర్పు చెప్పేస్తున్నారు.

ముందు "బొమ్మలు రావు" అన్న మాట. ఇండస్ట్రియల్ డిజైన్‌లో, అంటే మీ బిడ్డ చదువుతానంటున్న వస్తువుల డిజైన్‌లో, బొమ్మ అంటే అందమైన పటం కాదు. తలలో ఉన్న వస్తువు ఎదుటివాడికి అర్థమయ్యేలా గీయడం. పెట్టె, సిలిండర్, వాటిని కోసి అతికించిన ఆకారాలు చక్కగా గీయగలిగితే మొదటి ఏడాదికి సరిపోతుంది. సిలిండర్ గీయడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. పైనా కిందా ఉండే దీర్ఘవృత్తం చిన్న అక్షం సిలిండర్ నడుమ గీతతో కలవాలి. కలవకపోతే గ్లాసు ఒక పక్కకి ఒరిగినట్టు కనబడుతుంది. దీర్ఘవృత్తం, అక్షాలు మీ బిడ్డకి లెక్కల్లో వచ్చేవే. రోజుకి ఇరవై నిమిషాలు, బాల్ పెన్నుతో, రబ్బరు ముట్టకుండా రెండు నెలలు గీస్తే చేయి కుదురుతుంది.

అసలు పని గీతకంటే ముందు మొదలవుతుంది, చూడటంతో. మీ జిల్లావాళ్లకి దీనికి దూరం వెతకాల్సిన పని లేదు. పాత నల్గొండ జిల్లా ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పోచంపల్లి చీరలకు ఆసు పోసేది. ఒక్క చీరకి దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పడానికి చేయి సుమారు 9 వేల సార్లు ఆడించాలి. భుజం పట్టేసేది. ఆయన చూసింది ఆ భుజాన్ని. 1992లో మొదలుపెట్టి, భాగం తర్వాత భాగం కుదుర్చుకుంటూ 1999లో యంత్రం పూర్తిచేశారు. తల్లి పేరుతోనే దాన్ని లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది, బొమ్మలు వేసేవారని కూడా ఎవరూ చెప్పరు. మీరు ఓటేసే ఈవీఎం చూడండి. అక్షరం రానివాళ్లు కూడా గుర్తు చూసి, పక్కనున్న నీలి బటన్ నొక్కి, ఎర్ర దీపం వెలిగితే ఓటు పడిందని తెలుసుకుంటారు. దాని రూపకల్పన ఐఐటీ బొంబాయిలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్‌ది. తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్.

ఇక సెలవుల సంగతి. ఆరు వారాలు, ఒకే వస్తువు. పోపుల పెట్టె తీసుకోమనండి. స్మార్ట్ చేతికర్ర, రైతులకు డ్రోన్ లాంటివి వద్దు. మొదటిసారి చేసేవాళ్లు చెడగొట్టుకునేది అక్కడే. ఆ వాడేవాళ్లు రోజూ కంటికి కనబడరు, తయారీ చేతికి అందదు, చివరికి నాలుగు రంగుల చిత్రాలూ ఒక యాప్ మాత్రం మిగులుతాయి. పోపుల పెట్టెని ఇంట్లోనే రోజుకి రెండుసార్లు తెరుస్తారు.

మొదటి వారం ఏమీ గీయకూడదు. పోపు వేసేటప్పుడు పక్కన నిలబడి కనీసం పదిసార్లు చూడాలి, వీలైతే మూడిళ్లలో. మూత ఏ చేత్తో తీశారు? తీసిన మూత ఎక్కడ పెట్టారు? తడిచేత్తో చెంచా పట్టుకున్నారా? ఆవాలు చిటపటలాడటం మొదలయ్యాక ఎన్ని సెకన్లలో జీలకర్ర అందాలి? పసుపు ఏ గిన్నెలో పడింది? పొయ్యి ఆవిరికి ఏ దినుసు గడ్డకట్టింది? ఇవన్నీ సెకన్లతో, లెక్కలతో కాగితం మీదికి రావాలి. "అమ్మా, నీకెలాంటి పెట్టె కావాలి" అని మాత్రం అడగొద్దు. "ఇదే బాగుంది" అంటుంది, ఎందుకంటే ఆ ఇబ్బందికి చేయి ఎప్పుడో అలవాటు పడిపోయింది. జవాబు చేతుల కదలికలో దొరుకుతుంది. అదే వారం పెట్టె వ్యాసం, గిన్నెల లోతు, చెంచా పిడి పొడవు, వాడేవాళ్ల అరచేతి వెడల్పు వర్నియర్ కాలిపర్‌తోనో టేపుతోనో కొలిచి రాసుకోవాలి.

రెండో వారం మొదట్లో సమస్యని ఒక్క వాక్యంలో రాయాలి. "అందమైన పోపుల పెట్టె" అని రాస్తే పని అక్కడే ఆగిపోతుంది, అది నెగ్గిందో లేదో చెప్పే కొలత లేదు కాబట్టి. "ఒక చేత గరిటె ఉన్న మనిషి, మూత ఎక్కడ పెట్టాలో వెతుక్కోకుండా, రెండో చేత్తో అయిదు సెకన్లలో రెండు దినుసులు తీసుకోగలగాలి" అని రాస్తే గడియారం పెట్టి పరీక్షించొచ్చు. దాని కిందే హద్దులు: ఎన్ని దినుసులు, ఎన్ని రోజులకి సరిపడా, సబ్బుతో కడగొచ్చా, మూల పట్టే మురికి ఎలా పోతుంది.

ఆ వాక్యం కుదిరాకే గీతలు. ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, అయిదు కాగితాలు, నలభై ఆలోచనలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. మొదటి పది పన్నెండూ బజార్లో ఉన్నవే వస్తాయి. ఇరవై దాటాక చేయి ఆగిపోతుంది, విసుగొస్తుంది. అక్కడ లేచిపోకూడదు. పనికొచ్చేవి ఎక్కువగా ఆ తర్వాతే వస్తాయి. నలభైలో నాలుగు ఏరుకోవాలి.

ఆ నాలుగింటినీ అసలు కొలతలోనే అట్టతో చేయాలి. ఈ పని మీద నాకు ప్రత్యేకంగా పట్టుదల. కాగితం మీద, కంప్యూటర్ తెర మీద ఏ వస్తువైనా బాగానే ఉంటుంది, చేతిలోకి వచ్చాక గానీ దాని బండారం తెలియదు. పాత అట్టపెట్టె, 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు, మాస్కింగ్ టేపు, కట్టర్, స్టీలు స్కేలు చాలు. బోర్డుని ఒక్క వేటుకి కోస్తే అంచు పక్కకి వాలి మూలలు కలవవు. స్కేలు కదలకుండా మూడు తేలిక గీతల్లో కోయాలి, ప్రతిసారీ పదునైన బ్లేడుతో, వేళ్లు స్కేలు అంచు దాటకుండా. థర్మోకోల్ వాడితే ఫెవికాల్‌తోనే అతికించాలి. సాల్వెంట్ ఉన్న జిగురు, స్ప్రే రంగు థర్మోకోల్‌ని కరిగించేస్తాయి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. అట్ట నమూనా తేలిగ్గా ఉంటుంది కాబట్టి దేన్ని పట్టుకున్నా హాయిగానే ఉందనిపిస్తుంది. అందుకని అందులో నిజం దినుసులు పోసి, మొత్తం బరువు స్టీలు పెట్టె బరువుకి దగ్గరగా వచ్చేదాకా అడుగున ఇసుక మూట పెట్టాలి.

తర్వాత అయిదుగురితో పరీక్ష. ఎలా తెరవాలో చెప్పకూడదు. వాళ్లు తడబడితే సాయం చేయకూడదు, తడబడిన చోట గుర్తు పెట్టుకోవాలి. "అలా కాదు అత్తయ్యా, ఇటు తిప్పాలి" అని నోరు జారితే ఆ పరీక్ష పోయినట్టే. ముగ్గురు ఒకేచోట ఆగితే తప్పు డిజైన్‌ది. సరిచేసి మళ్లీ అట్ట, మళ్లీ పరీక్ష. రెండు విడతలన్నా తిరగాలి.

చివరి వారం, తయారీ. ఇక్కడే మీ మెకానికల్ ఆలోచనకీ చోటుంది. పోపుల పెట్టెలో గిన్నెలు గుండ్రంగానే ఎందుకుంటాయి, మధ్యలో అంత చోటు వృథా అవుతున్నా? రేకు బిళ్లని అచ్చులో పెట్టి ప్రెస్సుతో లోపలికి లాగి గిన్నె చేస్తారు. గుండ్రటి గిన్నెలో ఆ లాగుడు అన్నివైపులా సమానం. చదరంగా చేస్తే మూలల దగ్గర రేకు పోగుపడి ముడతలొస్తాయి, లేదా చిరుగుతుంది. మూలలకు మంచి వంపు ఇస్తే తప్ప కుదరదు. ఆ ఖాళీ చోటు తయారీకి కట్టిన ధర. ప్లాస్టిక్ అయితే లెక్క వేరు. గోడ మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట లావైతే అది ఆలస్యంగా చల్లారి లోపలికి గుంజుకుని పైన గుంట పడుతుంది. బలానికి లోపల పెట్టే రిబ్ (సన్నని పట్టీ) మందం గోడ మందంలో 50 నుంచి 60 శాతం దాటకూడదు, కారణం అదే. నిలువు గోడకి 1 డిగ్రీ అయినా వాలు ఇవ్వకపోతే వస్తువు అచ్చులోంచి గీరుకుంటూ వస్తుంది. త్రీడీ ప్రింట్ చేయించాలనిపిస్తే పర్లేదు, కానీ ఆ నమూనాలో తినే దినుసులు పోయొద్దు, పొరల సందుల్లో మురికి నిలుస్తుంది. త్రీడీ ప్రింట్‌కి వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాబట్టి పొయ్యి పక్కన పెట్టొద్దు. మూతకీ పెట్టెకీ మధ్య 0.3 మిల్లీమీటర్లన్నా సందు వదలకపోతే మూత ఎక్కదు. కంప్యూటర్లో వస్తువు నమూనా గీసే క్యాడ్ నేర్చుకోవాలంటే ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ అట్ట నమూనా తేలాకే ముట్టుకోవాలి. ముందే క్యాడ్‌లో కూర్చుంటే మూలలు నున్నగా చేసుకుంటూ వారాలు గడిచిపోతాయి, మూత ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు మీ బావమరిది కొడుకు మాట. అతను చేసే పని మంచిదే. కానీ అది వేరే పని, పేరొక్కటే కలిసింది. సాఫ్ట్‌వేర్‌లో "ప్రొడక్ట్" అంటే యాప్. అక్కడ బరువు లేదు, అచ్చు లేదు, తడిచెయ్యి లేదు. తప్పు దొరికితే రాత్రికి రాత్రి మార్చొచ్చు. అచ్చు కోయించాక తప్పు దొరికితే ఆ ఖర్చంతా మళ్లీ పెట్టాలి. అందుకే రెండు చదువులూ మనిషికి వేర్వేరు జాగ్రత్తలు నేర్పుతాయి. ఆరు నెలల కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. అవి నేర్పేది ఎక్కువగా ఒక సాఫ్ట్‌వేర్ పనిముట్టు, పనిముట్లు మారిపోతుంటాయి. బ్యాచ్ అంతా అదే తిండి ఆర్డర్ చేసే యాప్‌కి కొత్త రూపం ఇచ్చి పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనులు చూపించే పుస్తకంలో) పెట్టుకుంటారు. అలాంటివి కుప్పలుగా చూసే కంపెనీవాళ్లు మొదటి పేజీలోనే పక్కన పెడతారు. డిగ్రీ చేతిలో ఉండి, కొంత పని అనుభవం ఉన్నవాళ్లకి ఆ కోర్సు మలుపుగా ఉపయోగపడుతుంది. పదిహేడేళ్ల పిల్లకి డిగ్రీకి బదులుగా దాన్ని ఇవ్వడం నాకు సమ్మతం కాదు. వస్తువుల డిజైన్ చదివినవాళ్లు తర్వాత యాప్‌ల వైపు వెళ్లడం మామూలుగా జరిగేదే. అటునుంచి ఇటు రావడం చాలా కష్టం, చేతులకు వర్క్‌షాప్ అలవాటు ఉండదు.

మెకానికల్ చేసి, సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండెస్‌కి (డిజైన్‌లో పీజీకి) వెళ్లే దారి గౌరవమైనదే. నాలుగూ రెండూ ఆరేళ్లు. పదార్థాలు, తయారీ గట్టిగా వస్తాయి. చిక్కేమిటంటే, ఆ నాలుగేళ్లలో చేత్తో ఒక్క వస్తువు చేయకుండా గడిపేసేవాళ్లు చాలామంది, చివర్లో క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే ఇటు తిరిగి చూడరు. ఇంటర్ తర్వాత నేరుగా బీడెస్ (డిజైన్‌లో డిగ్రీ) అయితే నాలుగేళ్లూ ఇదే పని. అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి) తోడు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎన్‌ఐడీ ఉంది, ఇండస్ట్రియల్ డిజైన్ అక్కడ చదవొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడెస్ ఉంది. పరీక్షల వివరాలు మీ బిడ్డే చూసుకోగలదు. మీరు చూడాల్సింది ప్రైవేటు కాలేజీల్ని. ఫీజు కట్టే ముందు వెళ్లి వర్క్‌షాప్ చూపించమనండి. లేత్ (తిప్పుతూ చెక్కే యంత్రం) ఉందా, బ్యాండ్ సా (రంపపు యంత్రం) ఉందా, రోజుకి ఎన్ని గంటలు తెరుస్తారు, నేర్పే మేస్త్రీ ఉన్నారా, పోయిన ఏడాది పిల్లలు చేసిన వస్తువులు చేత్తో పట్టుకోవచ్చా అని అడగండి. ఏసీ కంప్యూటర్ ల్యాబ్ చూపించి పంపేస్తే ఆ కాలేజీ కోసం లోను తీసుకోవద్దు.

ఉద్యోగాల సంగతి దాచను. వస్తువుల డిజైన్ కొలువులు సాఫ్ట్‌వేర్ అంత విరివిగా లేవు. ఎక్కువ భాగం బెంగళూరు, పుణె, ముంబయి, చెన్నై, ఢిల్లీ చుట్టుపక్కలే. మొదటి జీతం మీ బంధువుల అబ్బాయితో పోటీ పడకపోవచ్చు. కానీ బండ్లు, ఫ్యాన్లు, కుక్కర్లు, ఆసుపత్రి పరికరాలు తయారైనన్నాళ్లు వాటిని కుదిర్చే మనిషి కావాలి. మీ బిడ్డ వీధిన పడదు. ఎంపీసీ చేతిలో ఉంది, ఏడాది తర్వాత మనసు మారినా ఇంజినీరింగ్ ఎక్కడికీ పోదు. వెనక్కి తోవ ఉంది, నిశ్చింతగా ఉండండి.

ఒక మాట కటువుగా చెప్తున్నాను, ఏమనుకోవద్దు. ఏడాదంతా హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా బిట్లు చేయించి, చేత్తో ఒక మేకు కొట్టే అవకాశం కూడా ఇవ్వకుండా, ఇప్పుడు "బొమ్మలు రావు" అంటున్నారు. ఎప్పుడు వచ్చేది? ఈ సెలవుల్లో కూడా ఎప్‌సెట్ (పాత ఎంసెట్) క్లాసులకి పంపుదామని చూస్తున్నట్టున్నారు. ఈ ఒక్క వేసవీ ఆపండి. ఆరు వారాలయ్యాక పెట్టె ఎంత బాగా వచ్చిందని చూడొద్దు. మూడో పరీక్షలోనూ మూత ఇరుక్కుంటే విసిరికొట్టిందా, మళ్లీ కట్టర్ పట్టుకుందా అన్నది గమనించండి. విసిరికొడితే ఈ చదువు ఆమెది కాదేమో, ఆ మాట ఆమే చెప్తుంది, మీ లక్షలు మిగుల్తాయి. మళ్లీ కోస్తూ కూర్చుంటే, నేల మీద అట్టముక్కలు ఉన్నాయని కోప్పడకుండా పొయ్యి పక్కన రెండడుగుల చోటు ఖాళీ చేసి ఇవ్వండి, అక్కడ పెట్టి రేపు పోపు వేసి చూడాలి కదా.