ఫాదర్ గారు ధ్యానానికి వెళ్ళాక

అమ్మా,

ఒక ఫాదర్ గారు ఒక పిల్ల మీద అఘాయిత్యం చేశారన్న మాట, దాని మీద ఊరి మౌనం గురించి నువ్వు రాసిన కథ అందింది. మొదటిసారి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. నాకు జ్ఞానస్నానం ఇచ్చింది ఆ కాలవగట్టు గుడిలోనే. పాతికేళ్ళు విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే పారిష్) బడిలో పాఠాలు చెప్పాను, ఇప్పటికీ ఆదివారం పూజ మానను. కాబట్టి ఈ ఉత్తరం కథలు రాసే మాస్టారు రాస్తున్నదీ, ఆ గుడి మనిషి రాస్తున్నదీ కూడా.

నీ కథ ఫాదర్ గారి కళ్ళతో మొదలైంది. ఎర్రటి కళ్ళు, బంగళాలో ఆగిపోయిన ఫ్యాను, బయట ఉరుము. మొదటి పేజీలోనే వీడు దుర్మార్గుడని తేలిపోయింది. మన ఊళ్ళలో అలా తేలదు. 1986 ఆగస్టులో గోదావరి ముంచెత్తినప్పుడు మా పేటకి పడవ మీద బియ్యం తెచ్చింది అప్పటి ఫాదర్ గారే. మంచాన పడ్డ మా నాన్న దగ్గర ఒక రాత్రంతా జపమాల చెబుతూ కూర్చున్నారు. ఇలాంటి మనుషుల్ని చూసిన ఊరికి, తర్వాత వచ్చిన ఇంకో ఫాదర్ మీద ఒక పిల్ల మాట చెబితే ముందు పుట్టేది భయం. ఆ మాట నిజమైతే మా నాన్న మంచం పక్కన కూర్చున్న రాత్రి ఏమైపోవాలి? ఊరు ఈ ప్రశ్న బయటికి అడగదు, ఆ పిల్ల మీద విసుక్కుంటుంది. నీ కథలో ఈ భయం ఎక్కడా లేదు. అది లేకపోతే ఊరంతా ఎందుకు నోరు మూసుకుందో చదివేవాళ్ళకి అర్థం కాదు.

అందుకే నిన్ను అడిగేది ఒక్కటే. బంగళాలో ఏం జరిగిందన్నది వదిలెయ్. ఆ తర్వాత వారం రాయి.

సోమవారం ఉపదేశి గారు, అంటే గుడిలో మతపాఠాలు చెప్పే ఆయన, ఆ పిల్ల ఇంటి ముందు సైకిల్ ఆపి, "గుడి పెద్దలు కూర్చుంటున్నారు, మీరు తొందరపడకండి" అంటారు. మంగళవారానికి "ఇదంతా గ్రూపు గొడవ" అనే మాట మొదలవుతుంది. స్కూల్లో పోస్టు రానివాళ్ళు చేయించారని ఒకరు, గుడి స్థలం తగాదా అని ఇంకొకరు. బుధవారం సిస్టర్ గారు వస్తారు, ఏడుస్తారు, ప్రార్థన చేసి వెళ్ళిపోతారు. శనివారం నాటికి ఆ ఇంటికి పాలు పోసే ఆవిడ కూడా గుమ్మంలోనే గిన్నె పెట్టి వెళుతుంది. ఆదివారం పూజ చివర ప్రకటన: "ఫాదర్ గారు ధ్యానానికి వెళ్ళారు." ఆ నాలుగు మాటలు మైకులో వినిపించినప్పుడు ఆడవాళ్ళ వైపు చాపల మీద ఎవరు తల దించుకున్నారు, ఎవరు ఎవరి వైపు చూశారు, అది రాయి.

ఒక చోట నేను చూసింది చెబుతాను. ఊరి పేరు చెప్పను. మాట వచ్చిన మూడు నెలలకి ఆ ఫాదర్ గారికి బదిలీ వచ్చింది. గుడి ముందు షామియానా వేశారు. శాలువా, గజమాల, చిన్నపిల్లల డాన్సు. పిల్ల ఇల్లు రెండో వీధిలోనే. మైకు సెట్టు హారన్ ఒకటి అటువైపే తిప్పి కట్టారు, కావాలని కట్టారని నేననను. తలుపులు వేసుకున్నా ప్రతి మాటా లోపలికి వచ్చింది. "మన బిడ్డలకి తండ్రిలాంటివారు" అని ఒక పెద్దాయన అన్నాడు. నేను అక్కడ కుర్చీలో కూర్చునే ఉన్నాను. లేచి రాలేదు. ఆ రోజు నుంచి ఏ సన్మాన సభకీ వెళ్ళలేకపోతున్నాను.

ఆ ఇంటివాళ్ళు పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్ళలేదని నీ కథలో పట్నం లాయరు అడుగుతాడు, తండ్రి "పరువు" అంటాడు. పరువు ఒక్కటే అయితే ఎంత బాగుండేది! మన పేటల్లో సగం ఇళ్ళు ఆదివారం గుడిలో ఉంటాయి, కాగితం మీద హిందువులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి కిందికి వస్తాడు. జ్ఞానస్నానం రిజిస్టరు ఉండేది ఫాదర్ గారి బీరువాలో. కేసు పెడితే మనం క్రైస్తవులమని రాసుకుంటారేమో, పెద్దవాడి సర్టిఫికెట్టు పోతుందేమో అని ఆ తండ్రి రాత్రంతా ఆలోచిస్తాడు. ఎవరూ బెదిరించక్కర్లేదు, బీరువా అక్కడ ఉందంటే చాలు. బడి ఫీజు తగ్గించేదీ, హాస్టల్లో సీటు ఇచ్చేదీ ఆ బంగళాయే. నువ్వు ఆ పేటలో పుట్టినదానివి. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు, మరి ఎందుకు రాయలేదు?

చట్టం విషయంలో కొన్ని తప్పులు దొర్లాయి, సరిచేసుకో. నీ ఎస్సై రాత్రి యూనిఫారంలో వచ్చి పిల్లని స్టేషన్‌కి తీసుకెళతాడు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పిల్ల మాటని ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో రాసుకోవాలి, వీలైనంత వరకు మహిళా ఎస్సై రాసుకోవాలి, యూనిఫారంలో ఉండకూడదు, పిల్లని రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. నీ ఎస్సై ఇవన్నీ తప్పితే తప్పనీ, కానీ అతను తప్పుతున్నాడని నీకు తెలిసి రాయాలి. నీ సిస్టర్ "రుజువు దొరికేదాకా ఆగుదాం" అంటుంది. ఆ చట్టం 19వ సెక్షన్ రుజువు అడగదు. జరిగిందని తెలిసినా, జరుగుతుందేమోనని అనిపించినా ఎవరైనా పోలీసులకి చెప్పాల్సిందే. సంస్థ పెద్ద తన కింద పనిచేసేవాడి విషయం దాచిపెడితే ఏడాది దాకా జైలు ఉంది. బడిలోనో ప్రార్థనాస్థలంలోనో పనిచేసేవాడు నేరం చేస్తే ఆ చట్టం దాన్ని ఇంకా తీవ్రంగా చూస్తుంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చన్న సంగతి ఆ ఊళ్ళో ఒక్కరికైనా తెలిసి ఉండాలి కదా, బడి గోడ మీద రాసి ఉంటుంది.

పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే సీను జాగ్రత్త. అక్కడ విన్నది గురువు (ఫాదర్) ఎవరికీ చెప్పకూడదు, అది సభ (కథోలిక చర్చి) నియమాల్లో అన్నిటికంటే గట్టిది. కానీ అదే పిల్ల అదే మాటని బయట అరుగు మీద సిస్టర్‌కి చెబితే ఆ రహస్య నియమం వర్తించదు. నీ సిస్టర్ రెండింటినీ కలిపేసి దాక్కుంటోంది. అలా దాక్కున్నవాళ్ళని నేను చూశాను, చాలా మంచి సీను అవుతుంది, నువ్వే గమనించకుండా దాటేశావు.

సభ అంతా కళ్ళు మూసుకుందని రాశావు, అది నిజం కాదు. 2019 మేలో పోప్ ఫ్రాన్సిస్ ఒక శాసనం తెచ్చారు, దాని పేరు లాటిన్‌లో "మీరు లోకానికి వెలుగు" అన్న ప్రభువు మాటే. ప్రతి మేత్రాసనంలోనూ (ఒక బిషప్ గారి పరిధిలోనూ) ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలి, గురువులూ సిస్టర్లూ తెలిసింది చెప్పి తీరాలి, ఫిర్యాదు చేసినవాళ్ళ నోరు నొక్కకూడదు. అదే ఏడాది డిసెంబరులో ఇలాంటి కేసులకి పోప్ రహస్యం, అంటే సభ కాగితాల్ని గుట్టుగా ఉంచే నియమం అనే ముసుగు తీసేశారు. ఆ శాసనాన్ని సవరించి శాశ్వతం చేసిన తేదీ 2023 మార్చి 25, దేవదూత మరియమ్మకి శుభవార్త చెప్పిన మంగళవార్త పండుగ. ఏటా ఆ పండక్కే మనవాళ్ళు మరియమాత పుణ్యక్షేత్రం గౌరీపట్నం నిర్మలగిరి కొండ ఎక్కుతారు. నిరుడు ఆ మెట్ల మీద నాతో నడిచిన పదిమందిని అడిగాను, ఒక్కరికీ ఆ శాసనం సంగతి తెలియదు. నీ కథ నిలబడాల్సింది ఆ మెట్ల మీద. నియమం రోమ్ నుంచి బయల్దేరింది, మన విచారణ నోటీసు బోర్డు దాకా రాలేదు. బోర్డు మీద పెళ్ళి ప్రకటనలూ, నవదినాల (తొమ్మిది రోజుల ప్రార్థనల) టైమూ ఉన్నాయి.

కేరళలో కొట్టియూరు సంగతి చదువు. 2017లో ఒక మైనరు పిల్ల బిడ్డని కంటే, ముందు ఆ పిల్ల కన్నతండ్రే నేరం తన మీద వేసుకున్నాడు, విచారణ గురువుని కాపాడటానికి. కోర్టులో పిల్ల కుటుంబం మాట మార్చింది. డీఎన్ఏ పరీక్ష నిజం చెప్పింది. 2019లో కోర్టు ఆ గురువుకి ఇరవై ఏళ్ళు శిక్ష వేసింది, తర్వాత హైకోర్టు పదేళ్ళకి తగ్గించింది. ఆ తండ్రి ఏమనుకుని ఆ మాట అన్నాడో నేను ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. నాకు రాయడం చేతకాలేదు.

అలాగని నీ ఫాదర్‌కి న్యాయం తగ్గించకు. దర్యాప్తు తేలేదాకా పూజకీ పిల్లలకీ దూరంగా ఉండమనడం ముందుజాగ్రత్త, శిక్ష కాదు. సభ చట్టంలోనూ దానికి అలాంటి చోటే ఉంది. ఆయన నిర్దోషి అయితే ఆ దర్యాప్తే ఆయన్ని కాపాడుతుంది. గుట్టుగా బదిలీ చేస్తే నిర్దోషి కూడా జన్మంతా గుసగుసల మధ్యే బతకాలి, కొత్త ఊరి పిల్లలకి రక్షణా ఉండదు. ఈ మాట అనే మనిషి కథలో ఒకడు ఉండాలి. గుడిని ప్రేమించే మనిషే అనాలి.

చివరగా నా తప్పు ఒకటి చెప్పాలి, ఇది చెప్పడానికే రెండు రోజులు ఆగాను. నీ వయసులో ఇలాంటి కథే రాశాను. పేర్లు మార్చాను, ఊరు మార్చాను. పిల్ల కుంటి నడక మాత్రం ఉంచేశాను, అది లేకపోతే కథకి ప్రాణం పోతుందనిపించింది. వారపత్రికలో వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. మా చుట్టుపక్కల పది ఊళ్ళకీ ఆ పిల్ల ఎవరో తెలిసిపోయింది. సంక్రాంతి లోపు ఆ కుటుంబం ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయింది. అప్పటికి పోక్సో లేదు. ఇప్పుడు అదే చట్టం పిల్ల పేరే కాదు, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, ఏ గుర్తూ బయటపడకూడదంటుంది. కథే కదా అనుకోవద్దు. నీ కథలో రెండు జడలకి వేర్వేరు రంగుల రిబ్బన్లు ఉన్నాయి. అవి నువ్వు ఊహించినవి కావని చదవగానే తెలిసింది. తీసెయ్. పేజీ వెలవెలబోతుంది, పోనీ.

ఆ పిల్ల తల్లి గురించి నీ కథలో ఒకటే వాక్యం ఉంది, "ఏడుస్తోంది" అని. ఆ ఆదివారం ఆవిడ గుడికి వెళ్ళిందా? వెళితే ఏ చాప మీద కూర్చుంది, పక్కన ఎవరైనా జరిగి చోటిచ్చారా, దివ్యసత్ప్రసాదానికి, పూజలో అప్పం తీసుకోవడానికి లేచిందా? అది రాసి పంపు. తపస్కాలం (ఈస్టరు ముందు ఉపవాస దినాలు) అయ్యేదాకా ఇంట్లోనే ఉంటాను.

మీ మాస్టారు